గేటు తీసేదెవరు? కుందలహళ్ళిలో 24 ఫ్లాట్లకు ఫోన్‌తో తెరిచే గేటు – కేస్ స్టడీ

ఇది బెంగళూరు కుందలహళ్ళిలో ఒక చిన్న అపార్ట్‌మెంట్‌కు నేను చేసిన పని వివరం. చిన్న గేటు దగ్గరికి ఎవరైనా వస్తే, పైన ఇంట్లో ఉన్నవాళ్ళయినా ఆఫీసులో ఉన్నవాళ్ళయినా ఫోన్‌లోనే మాట్లాడి లోపలికి పంపించాలి. కెమెరాలు, ఇంటర్‌కామ్‌లు, గేటు తాళాల లైన్లో చాలాకాలంగా ఉన్నాను. తాళం తెరిపించడం పెద్ద పని కాదు, రెండు తీగలు కలిస్తే తెరుచుకుంటుంది. ఫోన్ మోగి ఎవరూ ఎత్తకపోతే గేటు ఏం చేయాలి? ఎత్తినవాళ్ళు ఎవరి తరఫున సరే అంటున్నారు? ఈ రెండూ ముందే తేల్చుకోని చోట ఎంత ఖరీదైన సామాను పెట్టినా కొన్నాళ్ళకి గేటు మూసుకోకుండా ఇటుక అడ్డం పెట్టి వదిలేస్తారు. అలాంటి ఇటుకలు ఈ ఊళ్ళో చాలా చూశాను.

బిల్డింగ్ సంగతి

కింద స్టిల్ట్ పార్కింగ్, పైన నాలుగు అంతస్తులు, అంతస్తుకు ఆరు ఫ్లాట్లు. సగానికి పైగా మన తెలుగువాళ్ళే. చాలా ఇళ్ళలో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, మనవల్ని చూసుకోవడానికి ఊరి నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చి ఉంటారు. వాచ్‌మన్‌ది ఆదోని దగ్గర పల్లె. పార్కింగ్ పక్కన ఒకే గదిలో భార్యాపిల్లలతో ఉంటాడు. పొద్దున మోటారు వేయడం, ట్యాంకర్ వస్తే సంపు మూత తీసి దగ్గరుండి చూసుకోవడం, మెట్లు ఊడవడం, కార్లు తుడవడం అన్నీ ఆయన పనే. రాత్రి గేటు కూడా ఆయనదే.

నన్ను పిలిచింది అసోసియేషన్ సెక్రటరీ. నెల్లూరాయన. మొదటి మాటే ఇది: "అన్నా, మా వాచ్‌మన్‌కి రాత్రిళ్ళు నిద్ర లేదు. పదకొండు నుంచి రెండు దాకా ఎవరో ఒకరు హారన్ కొడతానే ఉంటారు. షిఫ్టు నుంచి వచ్చేవాళ్ళు, బిర్యానీ తెచ్చేవాళ్ళు. పొద్దున అయిదుకి మళ్ళీ మోటారు వెయ్యాల. మనిషన్నాక ఎట్లా?"

తర్వాత అసోసియేషన్ మీటింగ్‌లో ఇంకొకాయన, ఈ మిషన్ వస్తే వాచ్‌మన్‌ని తీసేయొచ్చు కదా, జీతం మిగులుతుంది అన్నారు. కుదరదని అక్కడే చెప్పాను. సంపు నిండిందో లేదో ఈ పెట్టె చూడదు. లిఫ్టులో ఎవరైనా ఇరుక్కుంటే తాళంచెవి తీసుకుని పరిగెత్తదు. ఆయన జీతంలో కోత పెట్టడానికైతే నేను చేయనన్నాను. జీతం తగ్గించేది లేదని మీటింగ్ మినిట్స్‌లో రాసుకున్నాకే కొలతలు మొదలుపెట్టాను.

ఏవి వద్దనుకున్నాం

బెంగళూరులో ఈ మాట ఎత్తగానే అందరూ మైగేట్ లాంటి యాప్ పేరే చెబుతారు. అది 2016లో ఈ ఊళ్ళోనే పుట్టింది. గేటు దగ్గర 24 గంటలూ సెక్యూరిటీ ఉండే పెద్ద కమ్యూనిటీలకి ఆ పద్ధతి బాగా నప్పుతుంది. సెక్యూరిటీ మనిషి తన ఫోన్‌లో వివరాలు కొడతాడు, ఇంటివాళ్ళు సరే అంటారు, అతను గేటు తీస్తాడు. ఇక్కడ ఆ మనిషిని నిద్ర లేపకూడదనే కదా మొత్తం ప్రయత్నం! పైగా పెద్దవాళ్ళలో చాలామంది చేతుల్లో ఇప్పటికీ బటన్ ఫోన్లే.

ఇంటింటికీ తెర ఉండే వీడియో డోర్ ఫోన్ పెట్టాలంటే నాలుగు అంతస్తులకూ బయటి నుంచి పైపులేసి వైరు లాగాలి. అంత చేసినా, ఇంట్లో మనిషి లేకపోతే తెరిచేవాళ్ళుండరు.

కొందరు కేవలం పిన్ తాళం చాలన్నారు. చవక, నిజమే. అయితే ఆ నంబరు ఎక్కడికి పోతుందో చూడండి. ఒకరు దాన్ని డెలివరీ యాప్‌లో అడ్రసు కింద రాసిపెడతారు. ఇంకొకరు క్యాబ్ డ్రైవర్‌కి చెబుతారు. ఫ్లాటు ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళకీ అది గుర్తుంటుంది. కొన్నాళ్ళకి ఆ నంబరు తెలియనిది బిల్డింగ్‌లో కొత్తగా దిగినవాళ్ళకే. ఎవరు లోపలికి వచ్చినా, ఎవరి మాట మీద వచ్చారో చెప్పే దారి ఉండదు. నేను పిన్ తాళం వద్దన్నది ఇందుకే.

చివరికి సిమ్ కార్డుతో పనిచేసే ఇంటర్‌కామ్ ఖాయం చేశాం. వచ్చినవాళ్ళు గేటు దగ్గర ఫ్లాటు నంబరు నొక్కి బెల్ నొక్కితే, ఆ ఇంటివాళ్ళ మొబైల్‌కి మామూలు ఫోన్ కాల్ వెళుతుంది. మాట్లాడి 5 నొక్కితే తాళం మూడు సెకన్లు తెరుచుకుంటుంది. ఇంటివాళ్ళే బయటి నుంచి వస్తే గేటు నంబరుకి ఫోన్ చేస్తే చాలు, రిజిస్టర్ అయిన నంబరు కనబడగానే పెట్టె కాల్ కట్ చేసి తాళం తీస్తుంది. కాల్ ఎత్తదు కాబట్టి డబ్బులు పడవు. యాప్ లేదు, పాస్‌వర్డ్ లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు.

కొనే ముందు ఒక్క విషయం గట్టిగా అడగండి. మార్కెట్లో జీఎస్‌ఎం గేట్ ఓపెనర్ పేరుతో దొరికే చవక పెట్టెల్లో చాలావరకు 2జీవి. జియోకి 2జీ నెట్‌వర్కే లేదు, దాని సిమ్ వాటిలో పనిచేయదు. కొన్నిటి మీద 4జీ అని రాసి ఉంటుంది. తీరా చూస్తే డేటాకి మాత్రమే 4జీ, మాటకి మళ్ళీ 2జీకి దిగుతాయి. 'వోల్టీలో, అంటే 4జీ మీదే, మాట్లాడుతుందా?' అని అడిగి, మీరు వేయబోయే సిమ్ వేసి, షాపులోనే కాల్ చేయించి చూడండి.

ఇనుము, వైరు, కరెంటు

పెట్టెను రెండు ముక్కలు చేశాను. గేటు స్తంభంలో బటన్లు, మైకు, స్పీకరు మాత్రమే. సిమ్ ఉండే అసలు బోర్డు, తాళాన్ని నడిపే రిలే లోపల మీటర్ల గదిలో, తాళం వేసిన డబ్బాలో. అన్నీ గేటు దగ్గరే పెడితే స్క్రూడ్రైవర్ ఉన్నవాడెవడైనా మూత విప్పి రెండు తీగలు కలిపి లోపలికి వచ్చేస్తాడు. సిమ్ కూడా పట్టుకుపోవచ్చు.

మీటర్ల గదిలో సిగ్నల్ బాగా తక్కువ. 4జీ సిగ్నల్ లెక్కలో మైనస్ 80 అంటే బాగున్నట్టు, మైనస్ 110 దాకా పడిపోతే కాల్ కలవడమే కష్టం. యాంటెనాని వైరుతో బయటికి తీసి, మొదటి అంతస్తు ఎత్తులో రోడ్డు వైపు గోడకి బిగించాం.

తాళం విషయంలో చాలామంది మ్యాగ్నెటిక్ లాక్ అడుగుతారు. ఆఫీసు గాజు తలుపుకి అది బాగుంటుంది. వానకి తడిసే ఇనుప గేటుకి నేను పెట్టను. అది పట్టుకుని ఉండాలంటే కరెంటు ఆగకుండా పారుతూ ఉండాలి, 280 కిలోల రకం 12 వోల్టుల మీద సుమారు అర ఆంపియర్ లాగుతుంది. 7 ఏహెచ్ బ్యాటరీ, అంటే ఒక ఆంపియర్ చొప్పున 7 గంటలు ఇచ్చేది, లెక్కకి 14 గంటలు. బ్యాటరీ పాతబడితే అందులో సగం వచ్చినా గొప్పే. ఆ తర్వాత గేటు దానంతటదే తెరుచుకుంటుంది. మే నెల గాలివానకి ఏ కొమ్మో విరిగి లైన్ మీద పడి రాత్రంతా కరెంటు రాకపోతే, ఆ రాత్రే గేటు బార్లా ఉంటుంది. అందుకని తెరిచేటప్పుడు మాత్రమే కరెంటు తీసుకునే ఎలక్ట్రిక్ రిమ్ లాక్ పెట్టాం. అదే బ్యాటరీతో పెట్టె రోజుకి పైగా నడుస్తుంది. బ్యాటరీ అయిపోయినా బయటి నుంచి తాళంచెవి పనిచేస్తుంది, లోపలి నుంచి తాళం మీది బటన్ చేత్తో నొక్కితే తెరుచుకుంటుంది. ఈ లోపలి బటన్ నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. బయటికి పోయే తలుపు తాళంచెవి లేకుండా లోపలి నుంచి తెరుచుకోవాలని 2016 నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతోంది. మంటలు లేచినప్పుడు ఎవరూ ఫోన్ వెతుక్కుంటూ నిలబడకూడదు.

వైరు గురించి ఒక మాట. మిగిలిపోయిన నెట్‌వర్క్ కేబుల్‌తో తాళానికి కరెంటు ఇచ్చేవాళ్ళున్నారు. ఆ సన్నటి తీగ పోనూ రానూ 60 మీటర్లయితే నిరోధం దాదాపు 5 ఓములు. తాళం ఒక్క ఆంపియర్ లాగినా దారిలోనే 5 వోల్టులు పోతాయి. 12 బయల్దేరితే 7 చేరుతుంది, తాళం టిక్‌మంటుంది కానీ నాలుక వెనక్కి రాదు. అదే దూరానికి 1.5 స్క్వేర్ ఎంఎం వైరు వేస్తే ఒక వోల్టు కూడా పోదు. ఈ గేటుకి అదే వేశాం. తర్వాత వెల్డర్‌ని పిలిచి కిందికి జారిపోయిన గేటు బందుల్ని సరిచేయించాం. గేటు వంగి ఉంటే ఏ తాళమూ సరిగ్గా పడదు.

ఫోన్ ఎత్తకపోతే

ఇన్‌స్టలేషన్ కన్నా ఎక్కువ సమయం తీసుకున్నది ఇదే. ప్రతి ఇంటికీ వెళ్ళి కూర్చుని మాట్లాడాను.

ఒక్కో ఫ్లాటుకి రెండు నంబర్లు. మొదటిది పగలు ఇంట్లో ఉండేవాళ్ళది, రెండోది ఆఫీసులో ఉండేవాళ్ళది. రాత్రి తొమ్మిది దాటాక ఈ వరస తిరగబడుతుంది, పెద్దవాళ్ళు పడుకుంటారు కాబట్టి. ఎత్తని మొబైల్ 30 సెకన్లు మోగాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2019లో నిర్ణయించింది. ఒక్కో నంబరుకి అంతసేపు ఇస్తే, కాల్ కలిసే సమయంతో కలిపి బయట మనిషి నిమిషానికి పైగా నిలబడాలి. నేను 20 సెకన్లకి కుదించాను.

రెండూ ఎత్తకపోతే? పక్కింటివాళ్ళకి పోనీ అని కొందరు, సెక్రటరీకి పోనీ అని కొందరు. రెండిటికీ నేను ఒప్పుకోలేదు. తన ఇంటికి రాని మనిషికి తను గేటు తీయడం మొదలుపెడితే, ఎవరు ఎవరికోసం తీశారన్న లెక్కే పోతుంది. పగటి పూట మూడో కాల్ వాచ్‌మన్‌కి వెళుతుంది, ఆయన వచ్చి చూసి మాట్లాడతాడు. రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా ఆయనకి వెళ్ళదు. అప్పుడు ఎవరూ ఎత్తకపోతే గేటు మూసే ఉంటుంది. ఆర్డర్ పెట్టినవాళ్ళే ఫోన్ దగ్గర పెట్టుకుంటారు.

ఆ ఫోన్ మోగడమే ఒక సమస్య. తెలియని నంబర్లని నోరు నొక్కేసే సెట్టింగ్ ఐఫోన్లలో ఉంది, చాలామంది స్పామ్ భయంతో దాన్ని ఆన్ చేసుకున్నారు. ఒక్కో ఫోన్‌లో గేటు నంబర్‌ని కాంటాక్ట్‌గా వేయించి, ఆండ్రాయిడ్‌లో స్టార్ పెట్టించి, డూ నాట్ డిస్టర్బ్‌లో స్టార్ ఉన్నవాటికి అనుమతి ఇప్పించాం. ఐఫోన్‌లో ఆ కాంటాక్ట్ రింగ్‌టోన్ లోపల ఎమర్జెన్సీ బైపాస్ అని ఉంటుంది, అది ఆన్ చేశాం. ఇది చేయకుండా వదిలేసిన బిల్డింగుల్లో 'మీ మిషన్ పనిచేయట్లేదు' అన్న ఫిర్యాదే వస్తుంది. మిషన్ మోగిస్తూనే ఉంటుంది పాపం.

రెండో అంతస్తులో ఒక అమ్మగారు, ఒంగోలు వైపు నుంచి మనవరాలి కోసం వచ్చినావిడ, నాతో అన్న మాట మొత్తం ఏర్పాటుని మార్చింది. "నాకు తెలుగు తప్ప రాదు బాబూ. వాడు హిందీలో ఏదో అంటాడు. నేను సరే అంటే ఎవర్ని రానిచ్చానో నాకే తెలియదు. టెన్షన్‌గా ఉంటుంది" అన్నారు. ఆవిడ ఫోన్ ఎత్తి, భయపడి పెట్టేస్తే కాల్ అక్కడితో అయిపోతుంది, కొడుకు దాకా వెళ్ళదు. "అమ్మా, మీకు తెలిసినవాళ్ళు వచ్చే వేళ కాకపోతే అసలు ఎత్తకండి. కాసేపు మోగనివ్వండి, మీ అబ్బాయికి పోతుంది. ఎత్తి పెట్టేయొద్దు, అంతే" అని చెప్పాను. ఈ ఒక్క సూచనని పెద్ద అక్షరాల తెలుగులో రాసి పెద్దవాళ్ళున్న ప్రతి ఇంట్లో ఫ్రిజ్ మీద అతికించాం. ఆవిడ తను గుర్తుపట్టే కూరగాయలమ్మాయికి, పాలబ్బాయికి నిశ్చింతగా గేటు తీస్తున్నారు. మిగతావన్నీ కొడుకు ఆఫీసు నుంచి చూసుకుంటాడు.

5 నొక్కడం గురించి కూడా చెప్పాలి. ఆ అంకెకి 770, 1336 హెర్ట్జ్ రెండు స్వరాలు కలిసి ఒక గుర్తు. వోల్టీ కాల్‌లో అది ధ్వనిగా కాక విడిగా ఒక సంకేతంగా ప్రయాణించి, అవతలి పెట్టె దగ్గర గుర్తుపట్టబడుతుంది. చటుక్కున తాకి వదిలేస్తే కొన్నిసార్లు అందదు, అర సెకను నొక్కి ఉంచాలి. బటన్ ఫోన్లున్న పెద్దలకి ఇది చాలా తేలికైంది. ఇబ్బంది టచ్ ఫోన్లున్న పెద్దలకే. ఫోన్ చెవి నుంచి తీస్తే తెర నల్లగా ఉంటుంది, వెలిగినా అంకెలు ఏ మూల దాగున్నాయో తెలియదు. వాళ్ళకి వేరే దారి చెప్పాను: మాట్లాడండి, పెట్టేయండి, వెంటనే అదే నంబరుకి తిరిగి ఫోన్ చేయండి. రిజిస్టర్ అయిన నంబరు కాబట్టి గేటు తెరుచుకుంటుంది.

ఫోన్ నంబరు చూసి తెరవడంలో ఒక బలహీనత ఉంది. కాలర్ నంబర్‌ని నకిలీ చేయడం సాధ్యమే. అందుకే గేటు నంబరు ఎక్కడా బోర్డు మీద రాయలేదు. ఈ పద్ధతితో తెరుచుకునేది చిన్న గేటు ఒక్కటే. ఇళ్ళ తలుపుల తాళాలు దీనితో కలపలేదు, కలపమన్నా కలపను.

ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళకి, వంటవాళ్ళకి కార్డులిచ్చాం. పాత 125 కిలోహెర్ట్జ్ కార్డులు నిమిషంలో కాపీ అయిపోతాయి కాబట్టి ఎన్‌క్రిప్షన్ ఉన్న 13.56 మెగాహెర్ట్జ్ రకం తీసుకున్నాం. ఎవరి కార్డు వాళ్ళ పేరు మీదే ఉంటుంది. ఒక్కొక్కరు ఈ బిల్డింగ్‌లోనే మూడు నాలుగు ఇళ్ళు చేస్తారు. ప్రతి ఇంటి ముందూ అనుమతి కోసం నిలబెట్టడం వాళ్ళ సమయాన్ని అవమానించడమే.

రాకపోకల లెక్క

ఏ నంబరు నుంచి ఎన్ని గంటలకి గేటు తెరుచుకుందో పెట్టె గుర్తుంచుకుంటుంది. అసోసియేషన్‌లో ఇద్దరు ముగ్గురు దాన్ని వారానికోసారి వాట్సాప్ గ్రూపులో పెట్టమన్నారు. భద్రత కోసమట.

అద్దెకుంటున్న ఆడపిల్లలు ఆ బిల్డింగ్‌లో రెండు ఫ్లాట్లలో ఉన్నారు. ఎవరింటికి రాత్రి ఎన్నింటికి ఎవరొచ్చారన్నది గ్రూపులో పెడితే, భద్రత పేరుతో వాళ్ళ మీద కాపలా మొదలవుతుంది. పదింటికి తమ్ముడు వచ్చినా సంజాయిషీ చెప్పుకోవాలి. దొంగతనం జరిగితే లెక్క చూడాలి, దానికోసమే అది ఉంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా సమాచారాన్ని ఏ పని కోసం తీసుకున్నామో దానికే వాడాలనే సూత్రం మీద నడుస్తుంది. నేను పెట్టిన పద్ధతి ఇది: లెక్క 30 రోజులే ఉంటుంది, తర్వాత చెరిగిపోతుంది. ఒక ఫ్లాటు తన లెక్క తను ఎప్పుడైనా అడగొచ్చు. మొత్తం చూడాలంటే కమిటీలో ఇద్దరు కలిసి, కారణం రాసి సంతకం పెట్టాలి. వాదన గట్టిగానే జరిగింది. చివరికి ఒక రిటైర్డ్ టీచరుగారు, "మన పిల్లలు కూడా ఇంకో ఊళ్ళో అద్దెకే ఉన్నారు కదా" అన్నాక ఒప్పుకున్నారు.

తర్వాత

రాత్రి హారన్లు దాదాపు ఆగిపోయాయి. వాచ్‌మన్ భార్య నన్ను చూసి, "ఇప్పుడు పిల్లోళ్ళు గూడా నిద్రపోతాండారన్నా" అంది. ఈ పనికి నాకు దక్కిన అసలు కూలి అదే.

గేటు పెట్టిన కొన్ని నెలలకి మూడో అంతస్తులో ఒక పెద్దాయనకి అర్ధరాత్రి గుండెలో నొప్పి వచ్చింది. కొడుకు హైదరాబాద్‌లో ఉన్నాడు, ఇంట్లో కోడలు, చిన్నపిల్ల. ఆమె 108కి ఫోన్ చేసి మామగారి పక్కనే కూర్చుంది. అంబులెన్స్ వచ్చాక కిందికి పరుగెత్తాల్సిన పని లేకపోయింది, ఆయన చేయి వదలకుండానే గేటు నంబరుకి ఫోన్ చేసింది. పని మొదలుపెట్టేటప్పుడు చిన్న గేటు పూర్తిగా తెరిస్తే స్ట్రెచర్ పడుతుందా అని టేపు పెట్టి చూసి, అడ్డంగా ఉన్న పూలకుండీని తీయించాం. ఆ రాత్రి స్ట్రెచర్ అటే వెళ్ళింది. ఆయన కోలుకుని ఇప్పుడు సాయంత్రాలు కింద నడుస్తున్నారు.

సిమ్ గురించి చెప్పి తీరాలి, ఈ ఏర్పాట్లు ఎక్కువగా చచ్చిపోయేది అక్కడే. సెక్రటరీ సొంత పేరు మీద సిమ్ తీసుకుంటారు, ఆయన ఇల్లు మారుతారు, రీచార్జ్ మర్చిపోతారు, గేటు మూగబోతుంది. ఇక్కడ కనెక్షన్ అసోసియేషన్ పేరు మీదే తీసుకున్నాం. డేటా అక్కర్లేదు కాబట్టి మాట, ఎస్సెమ్మెస్ మాత్రమే ఉన్న ప్యాక్ చాలు. అలాంటివి తప్పనిసరిగా ఇవ్వాలని, వాటి గడువు 365 రోజుల దాకా ఉండొచ్చని ట్రాయ్ 2024 డిసెంబరులో చెప్పాక ఏడాదికోసారి వేయించుకునే వీలు వచ్చింది. రీచార్జ్ తేదీని లిఫ్ట్ మెయింటెనెన్స్ కాంట్రాక్టు తేదీతో కలిపేశాం, రెండూ ఒకే బిల్లు ఫైల్లో ఉంటాయి. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసేటప్పుడు తిరిగి ఇవ్వాల్సిన వాటిలో తాళంచెవులతో పాటు 'గేటు నంబర్లు తీసేయడం' అని ఒక గడి చేర్చారు. కార్డులు, వెల్డింగ్‌తో కలిపి ఖర్చు ఫ్లాటుకి రెండు వేల లోపే అయింది.

ఇప్పుడు అసోసియేషన్ వాళ్ళు కార్ల గేటు కూడా ఇలాగే ఫోన్‌తో తెరుచుకునేలా చేయమంటున్నారు. అది పట్టా మీద పక్కకి జరిగే బరువైన ఇనుప గేటు, మోటారు పెడితే దానికి ఎదురొచ్చింది మనిషో వాహనమో తెలియదు. సాయంత్రం పిల్లలు ఆ గేటు దగ్గరే సైకిళ్ళు తొక్కుతారు. ఆఫీసులో కూర్చున్న మనిషికి వాళ్ళు కనబడరు. మోటారుకి, గేటుకి రెండు వైపులా సెన్సర్లకి, అడ్డం తగిలితే వెనక్కి తిరిగే ఏర్పాటుకి, గేటు కనబడే దూరం నుంచి మాత్రమే పనిచేసే రిమోట్లకి కోటేషన్ ఇచ్చాను. అందులో ఫోన్‌తో తెరిచే భాగం రాయలేదు.